పిల్లలున్న బిజీ ఇంటికి మొదటి కుక్కను ఎలా ఎంచుకోవాలి

"పిల్లలు కుక్క కావాలని ఒకటే గోల. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఏ బ్రీడ్ అయితే బాగుంటుందో చెప్పండి." నెలకు ఒకరిద్దరైనా నన్ను ఈ మాట అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఏదో పప్పీ ఫోటో చూసి మనసు పారేసుకుని ఉంటారు. విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

బ్రీడ్ గురించి నాలుగో మెట్టు దాకా మాట్లాడను. కుక్కను తెచ్చుకుని ఏడాది తిరక్కుండానే ఇంకొకరికి ఇచ్చేయాల్సి వచ్చిన ఇళ్లు నాకు కొన్ని తెలుసు. బ్రీడ్ తప్పయిందని వాళ్లెవరూ అనలేదు. టైమ్ చాలట్లేదన్నారు, చంటిదాన్ని తోసేస్తోందన్నారు, ఒంటరిగా ఉంటే రోజంతా అరుస్తోందన్నారు. ఆదివారం అందరికీ కుక్క కోసం టైమ్ ఉంటుంది. మీరు చూడాల్సింది మీ మంగళవారం ఎలా గడుస్తుందో.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఇద్దరూ పనికి వెళ్లే ఇంట్లో, పదేళ్లలోపు పిల్లలు ఉంటే, మొదటి కుక్కగా పప్పీని తేవద్దు. రెండేళ్లు దాటిన, పిల్లల మధ్య ఇప్పటికే మెలిగిన నెమ్మదైన కుక్క కోసం వెతకండి. ఎందుకో, ఎలాగో కింద చూడండి.

మొదలుపెట్టే ముందు కావాల్సినవి

- ఒక నోట్‌బుక్, మూడు వారాల ఓపిక
- ఇంట్లో పెద్దలందరి ఒప్పుకోలు. ఒక్కరు "మీ ఇష్టం" అని ముఖం తిప్పుకున్నా అది ఒప్పుకోలు కాదు
- "కుక్క నా బాధ్యత" అని పేరు పెట్టి ఒప్పుకునే ఒక పెద్ద మనిషి
- అద్దె ఇల్లయితే యజమాని అనుమతి, రాతపూర్వకంగా
- పిల్లలకూ కుక్కకూ మధ్య అడ్డు పెట్టడానికి ఒక బేబీ గేట్, లేదా తలుపు వేసుకోగల గది
- దగ్గర్లో ఒక వెటర్నరీ డాక్టర్. కుక్క రాకముందే ఒకసారి వెళ్లి మాట్లాడి రండి
- తిండి, ఏటా వ్యాక్సిన్లు, నట్టల మందు, పేలు, గోమార్ల మందు, ఊరెళ్తే చూసుకునే మనిషి, అనుకోని జబ్బు: వీటికి ప్రతి నెలా పక్కన పెట్టగల డబ్బు. కుక్క 10 నుంచి 13 ఏళ్లు బతుకుతుంది, చిన్న సైజువి ఇంకా ఎక్కువే

1. మీ వారాన్ని కాగితం మీద పెట్టండి

ఏడు రోజులు రాయండి. ఏ గంటలో ఇంట్లో ఏ పెద్దవాళ్లు ఉంటారు, ఎప్పుడు ఎవరూ ఉండరు. ఉండాలనుకున్నది రాయొద్దు, జరిగింది రాయండి. వారం చివర రెండు చోట్ల గీత గీయండి: ఇల్లు ఖాళీగా ఉన్న అన్నిటికన్నా పొడవైన సమయం ఒకటి, ఉదయం, సాయంత్రం మీకు నిజంగా దొరికే అరగంటలు ఒకటి.

అలవాటు పడ్డ పెద్ద కుక్క నాలుగైదు గంటలు ఒంటరిగా బాగానే ఉంటుంది. అంతకు మించితే మధ్యలో ఎవరో ఒకరు వచ్చి బయటికి తిప్పాలి. పప్పీ సంగతి వేరు. దానికి ఎన్ని నెలలుంటే దాదాపు అన్ని గంటలే మూత్రం ఆపుకోగలదు. రెండు నెలల పిల్లయితే రెండు గంటలు, అంతే. రాత్రి కూడా లేవాలి.

ఇప్పుడు చాలామంది దాటేసే పని. రెండు వారాలు లేని కుక్కను పెంచండి. పొద్దున్నే అరగంట, సాయంత్రం అరగంట, వాన వచ్చినా ఒంట్లో బాగోకపోయినా బయట నడిచి రండి. రోజుకు రెండుసార్లు కుక్కకు తిండి పెట్టే టైమ్‌కి అలారం పెట్టుకుని ఆ పది నిమిషాలు పక్కన ఉంచండి. పప్పీయే కావాలనుకునేవాళ్లు రాత్రి రెండింటికి కూడా అలారం పెట్టుకుని లేచి, గుమ్మం దాకా వెళ్లి ఐదు నిమిషాలు నిలబడి రండి. జరిగినరోజు టిక్కు, తప్పినరోజు సున్నా.

ఎలా చెక్ చేసుకోవాలి: 14 రోజుల్లో మూడు సున్నాలు దాటితే ఇప్పుడు వద్దు. మధ్యాహ్నం వచ్చే మనిషినో, వాకింగ్‌కి తీసుకెళ్లే మనిషినో ముందు ఏర్పాటు చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి. మా ఇంట్లో మొదటిసారి ఆరు సున్నాలు వచ్చాయి. ఎనిమిది నెలలు ఆగాం. ఆ ఎనిమిది నెలలూ పిల్లలు అలిగారు, కానీ ఆగినందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

2. పిల్లల వయసు లెక్కలోకి తీసుకోండి

మూడేళ్లలోపు పిల్లలుంటే, వీలైతే ఆగండి. ఆ వయసులో చేతికి అందింది గుంజుతారు, తూలి మీద పడతారు, కుక్క తింటున్న గిన్నెలో చెయ్యి పెడతారు. వాళ్ల ముఖం సరిగ్గా కుక్క ముఖం ఎత్తులో ఉంటుంది. చిన్నపిల్లల్ని కరిచేది వీధిలో ఎదురైన కుక్క ఒక్కటే కాదు, ఇంట్లోదో, బాగా తెలిసినదో కూడా కరవొచ్చు. గాయం అయ్యేది ఎక్కువగా ముఖానికి, తలకు, మెడకు.

నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలుంటే నెమ్మదైన, మధ్యస్థం లేదా కాస్త పెద్ద సైజు కుక్క నయం. అరచేతిలో పట్టేంత చిన్న కుక్క పిల్లలకు సరిపోతుందనుకోవడం పొరపాటు. ఎత్తుకుని జారవిడిస్తే కాలు విరుగుతుంది. ఒకసారి నొప్పి తగిలాక ఆ కుక్క పిల్లల చెయ్యి చూస్తేనే గుర్రుమంటుంది. తొమ్మిది, పదేళ్లు దాటిన పిల్లలైతే చాలా దారులు తెరుచుకుంటాయి.

హెచ్చరిక: ఏ వయసు కుక్క అయినా, ఎంత మంచిదైనా, చిన్నపిల్లలతో ఒంటరిగా వదలొద్దు. ఫోన్ చూస్తూ అదే గదిలో ఉంటే పిల్లల్ని చూసుకుంటున్నట్టు కాదు.

3. కుక్క వయసు తేల్చుకోండి

పప్పీ ముద్దుగా ఉండేది కొన్ని వారాలే. మూడో నెల నుంచి ఆరేడు నెలల దాకా పళ్లు మారతాయి. పాలపళ్లు సూదుల్లా ఉంటాయి, పిల్లల వేళ్లూ చీలమండలూ దానికి బొమ్మలే. ఆ తర్వాత ఏడాదిన్నర దాకా కుర్ర వయసు. నేర్పినవన్నీ మర్చిపోయినట్టు ప్రవర్తిస్తుంది. దానికితోడు మూడు వారాల నుంచి సుమారు 14 వారాల మధ్య చూసిన మనుషులూ, విన్న చప్పుళ్లూ దాని జీవితాంతం పనిచేస్తాయి. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ లేకపోతే ఆ అవకాశం మళ్లీ రాదు.

రెండేళ్లు దాటిన కుక్క ఎంత పెరగాలో అంత పెరిగి ఉంటుంది. దాని గుణం కళ్ల ముందే కనిపిస్తుంది: పిల్లలంటే ఇష్టమా, చప్పుడుకు భయమా, ఒంటరిగా ఉంటుందా. పప్పీలో ఇవన్నీ ఊహించుకోవడమే. పెద్ద కుక్క మనకు అలవాటు కాదేమోనని చాలామంది భయపడతారు. బాగానే అవుతుంది. నాలుగేళ్ల వయసులో మా ఇంటికొచ్చిన కుక్క మూడు నెలల్లో నా అడుగుల చప్పుడు గుర్తుపట్టేది.

లేదు, పప్పీయే కావాలి అంటే: ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేసినదాన్ని తీసుకోవద్దు. మొదటి రెండు నెలలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. 16 వారాల దాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి వ్యాక్సిన్లు పడాలి. "ఒకదానికొకటి తోడుంటాయి" అని రెండు పప్పీల్ని ఒకేసారి తేవద్దు. పని రెట్టింపవుతుంది, రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయి మీ మాట వినడం నేర్చుకోవు.

4. ఇప్పుడు బ్రీడ్

ఏ పని కోసం పెంచిన జాతో తెలిస్తే ఇంట్లో ఏం చేస్తుందో సగం తెలిసినట్టే.

లాబ్రడార్‌ను వేటలో పడ్డ పక్షుల్ని నోట కరుచుకొచ్చే పనికి పెంచారు. అందుకే చెప్పులు, బొమ్మలు, రిమోట్ అన్నీ నోట్లోనే. పిల్లలతో మంచిదన్న పేరు ఊరికే రాలేదు, కానీ రెండు మూడేళ్ల దాకా దాని ఉత్సాహానికి బ్రేకులుండవు, నాలుగేళ్ల పిల్లను ప్రేమగానే పడేస్తుంది. బొచ్చు రాలుతుంది. తిండి మీద యావ ఎక్కువ, తొందరగా లావెక్కుతుంది. మూడేళ్లు దాటిన లాబ్రడార్ దొరికితే మాత్రం బిజీ ఇంటికి దాని తర్వాతే ఏదైనా. గోల్డెన్ రిట్రీవర్ కూడా ఇంచుమించు ఇంతే, దువ్వే పని ఇంకాస్త ఎక్కువ.

బీగిల్ వాసన పట్టుకుని వెళ్లే వేటకుక్క. పిల్లలతో కలుపుగోలుగా ఉంటుంది, కానీ ముక్కు నేలకు ఆనితే మీ పిలుపు దాని చెవికెక్కదు. ఒంటరిగా ఉంటే గొంతెత్తి ఊళ పెడుతుంది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో దాన్ని పెట్టుకోవడం కష్టం.

బోర్డర్ కోలీ, జర్మన్ షెపర్డ్ మందలు కాసే జాతులు. పరుగెత్తే పిల్లలు వాటికి చెదిరిపోతున్న మందలా కనిపిస్తారు; వెంటపడి మడమల దగ్గర నొక్కుతాయి. తెలివికి సాటిలేదు, ఆ తెలివికి రోజూ పని కావాలి. హస్కీ మంచులో బండి లాగే కుక్క, పరుగు దాని ప్రాణం. ఈ మూడూ బిజీ కుటుంబానికి మొదటి కుక్కగా వద్దు.

పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు స్వభావంలో బంగారం. ఊపిరి మాత్రం వాటికి నిత్యం ఇబ్బందే. ఎండలో పిల్లలతో పరుగెత్తితే ప్రాణం మీదికొస్తుంది. ఆ గురక ముద్దుగా అనిపిస్తుంది గానీ అది గాలి ఆడక వచ్చే శబ్దం.

షిట్జుకు రోజూ దువ్వాలి. డాక్స్‌హండ్‌కు వెన్నెముక జబ్బు భయం, పిల్లలు ఎత్తుకుని తిరగడానికి అసలు పనికిరాదు. కావలియర్ కింగ్ చార్ల్స్ స్పేనియల్ చాలా మృదువైనది, అయితే గుండె కవాటం జబ్బు ఈ జాతిలో విపరీతం. పూడుల్‌కి బొచ్చు తక్కువ రాలుతుంది, కానీ కొన్ని వారాలకోసారి కత్తిరించాలి.

ఏ జాతీ కాని కలగలుపు కుక్కను జాబితాలోంచి కొట్టేయకండి. ఎదురుగా ఉన్న కుక్క గుణం బాగుంటే దాని తాతముత్తాతల పేరుతో పనేముంది?

హెచ్చరిక: "అలెర్జీ రాని కుక్క" అని అమ్మేవాళ్లను నమ్మొద్దు. అలెర్జీ తెప్పించేది ఎక్కువగా లాలాజలం, చర్మపు పొట్టు. అవి అన్ని కుక్కల్లోనూ ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, తుమ్ములు ఉంటే మీరు అనుకున్న కుక్కతోనే రెండు మూడుసార్లు గంట చొప్పున కూర్చుని చూడండి.

5. ఎక్కడి నుంచి తేవాలి

నా మొదటి ఓటు షెల్టర్‌కి (దిక్కులేని కుక్కల్ని చేర్చుకుని చూసుకునే చోటు), అందులోనూ ఎవరో ఇంట్లో తాత్కాలికంగా పెట్టుకుని చూసుకుంటున్న కుక్కకు. ఆ ఇంటివాళ్లు చెప్పే విషయాలు ఇంకెక్కడా దొరకవు. ఇవి అడగండి: పిల్లలతో ఎప్పుడైనా ఉందా, ఎంత వయసు పిల్లలు? తింటున్నప్పుడు దగ్గరికెళ్తే ఏం చేస్తుంది? అన్నిటికన్నా ఎక్కువ ఎంతసేపు ఒంటరిగా ఉంది, అప్పుడు ఏం చేసింది? ఎవరినైనా ఎప్పుడైనా కరిచిందా? ముందు ఇంటివాళ్లు ఎందుకు వదిలేశారు?

బ్రీడర్ (పప్పీల్ని పుట్టించి అమ్మే మనిషి) దగ్గరైతే తల్లిని చూపించమనండి. పప్పీల్ని పెంచుతున్న చోటికి రానివ్వకుండా దారిలో చేతికిస్తానంటే, ఒకేసారి నాలుగైదు జాతులు ఉన్నాయంటే, "ఇవాళ తీసుకోకపోతే వేరేవాళ్లు తీసుకుంటారు" అంటే వెనక్కి వచ్చేయండి. తల్లి మనుషుల్ని చూసి బెదురుతుంటే పప్పీలకూ ఆ బెదురు వచ్చే అవకాశం ఎక్కువ. లాబ్రడార్, షెపర్డ్ లాంటి వాటికి తల్లిదండ్రుల తుంటి కీళ్ల ఎక్స్‌రే రిపోర్టు అడగండి. మంచి బ్రీడర్ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

ఫోటో చూసి డబ్బు పంపొద్దు.

6. కుక్కను కలవండి, రెండుసార్లు

మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్లొద్దు. వాళ్లు చూశాక మీకు కాదనే ధైర్యం ఉండదు.

నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి, పిలవొద్దు. తనంతట తాను వస్తుందా చూడండి. వచ్చాక ఛాతీ దగ్గరో మెడ పక్కనో మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా కావాలని ఒరిగితే సరే. కదలకుండా ఉండిపోయినా, తల తిప్పుకున్నా దానికి నచ్చలేదు. తర్వాత తాళాలగుత్తి నేల మీద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు, ఎంతసేపట్లో తేరుకుందో చూడండి. లీష్ పట్టుకుని పది నిమిషాలు నడిపించండి. తింటున్నప్పుడు కొంచెం దూరంలో నడిచి, ఒళ్లు బిగుసుకుంటుందేమో గమనించండి. గిన్నెలో చెయ్యి మాత్రం పెట్టకండి.

రెండోసారి పిల్లలతో వెళ్లండి. వాళ్లను పరుగెత్తొద్దని, కౌగిలించుకోవద్దని ముందే చెప్పండి.

మేం మొదట చూసింది లేత పసుపు రంగు కుక్క, రెండేళ్లది, చూడముచ్చటగా ఉంది. తోక ఊపుతూ వచ్చింది. వద్దన్నా మా చిన్నది, అప్పుడు ఆరేళ్లు, దాని మెడ చుట్టూ చేతులు వేసేసింది. ఆ క్షణంలో కుక్క తెరిచి ఉన్న నోరు మూసేసింది. పెదవి ఒకసారి నాకింది. తల కదల్లేదు కానీ కళ్లు పక్కకు తిరిగి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించింది. తోక ఇంకా ఊగుతూనే ఉంది, కానీ మిగతావన్నీ అది ఇబ్బంది పడుతోందన్న గుర్తులే. నెమ్మదిగా పాప చేతులు విడిపించాను. "తోక ఊపుతోంది కదా నాన్నా, నేనంటే ఇష్టమే" అని ఇంటిదాకా ఏడ్చింది. ఆ కుక్క చెడ్డది కాదు. పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇంట్లో హాయిగా ఉండేది.

మూడు వారాల తర్వాత ఇంకొకటి చూశాం. నాలుగేళ్ల గోధుమ రంగు కలగలుపు కుక్క, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి ఉంది. మావాడి చేతిలోంచి స్టీలు బాటిల్ జారి పెద్ద చప్పుడైంది. రెండడుగులు వెనక్కి గెంతింది. ఒళ్లు దులుపుకుంది. మళ్లీ వచ్చి బాటిల్‌ను వాసన చూసి, గడ్డం తెచ్చి వాడి బూటు మీద ఆనించి పడుకుంది. దాన్నే తెచ్చుకున్నాం.

హెచ్చరిక: మూలకు నక్కి వణుకుతున్నదాన్ని చూస్తే గుండె కరుగుతుంది. దానికి ఓపికున్న ప్రశాంతమైన ఇల్లు కావాలి. పిల్లల కేరింతలున్న ఇల్లు దానికి ప్రతిరోజూ శిక్ష.

7. డాక్టర్ పరీక్ష, ట్రయల్

ఇంటికి తెచ్చిన రెండు మూడు రోజుల్లో డాక్టర్‌కి చూపించండి. వ్యాక్సిన్ కార్డు, రేబిస్ టీకా, నట్టలు, కీళ్లు, చెవులు, పళ్లు. రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని చూసే అవకాశం ఇస్తే తప్పక వాడుకోండి.

8. మొదటి రోజులు

కొత్త కుక్క కుదురుకోవడానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని కుక్కలవాళ్లు ఒక లెక్క చెబుతారు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు మీ పద్ధతులు తెలుస్తాయి, మూడు నెలలకు ఇల్లు తనది అనుకుంటుంది. మొదటి వారం చుట్టాల్నీ పిల్లల స్నేహితుల్నీ పిలవొద్దు.

పిల్లలకు నాలుగే రూల్స్, తలుపు మీద అంటించండి. పడుకున్న కుక్కను తట్టొద్దు, దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి. తింటున్నప్పుడు దగ్గరికి వెళ్లొద్దు. అది పడుకునే చోటులోకి వెళ్లొద్దు. కౌగిలించుకోవద్దు, మీదెక్కొద్దు.

చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ, జైలిటాల్ (చక్కెరకు బదులు వేసే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ కుక్కకు విషం. పిల్లల చేతిలోంచి జారేవి ఇవే. ఎప్పుడైనా కుక్క పన్ను దిగితే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదేరోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇంటి కుక్కే అయినా సరే.

ఎక్కువమంది చేసే తప్పులు

పుట్టినరోజు సర్‌ప్రైజ్‌గా తేవడం మొదటిది. కేకలు, బెలూన్లు, పదిమంది పిల్లలు: కుక్క మొదటి జ్ఞాపకం అది కాకూడదు.

పిల్లలకు బాధ్యత నేర్పడానికి తేవడం రెండోది. వాళ్లు నీళ్లు పోస్తారు, బొచ్చు దువ్వుతారు, నెల తర్వాత మర్చిపోతారు. మర్చిపోవడం వాళ్ల వయసు లక్షణం, ఆరోజు ఆకలితో ఉండేది కుక్క. బాధ్యత పెద్దవాళ్లది, సాయం పిల్లలది.

గుర్రుమన్నందుకు తిట్టడం అన్నిటికన్నా ప్రమాదం. గుర్రుమనడం అంటే "ఇక చాలు" అని చెప్పడం. తిట్టి అది మాన్పిస్తే తర్వాతిసారి చెప్పకుండా కరుస్తుంది. పిల్లల్ని నెమ్మదిగా పక్కకు తీసుకెళ్లి, ఏం జరిగితే గుర్రుమందో రాసిపెట్టుకోండి.

ఇంకొకటి, మంచి మనసుతో చేసే తప్పు. రెండు వారాలు సెలవు పెట్టి రోజంతా పక్కనే కూర్చుని, పదిహేనో రోజు అందరూ ఒక్కసారిగా వెళ్లిపోతారు. కుక్క బెంబేలెత్తి తలుపు గీకుతుంది. రెండో రోజు నుంచే బయటికి వెళ్లి రావడం అలవాటు చేయండి: ఒక నిమిషం, ఐదు, పావుగంట, గంట. వెళ్లేటప్పుడు బుజ్జగింపులు వద్దు, వచ్చాక హడావుడి వద్దు.

సరైన కుక్కనే తెచ్చుకున్నామా? చెక్ చేసుకోండి

మూడు వారాలప్పుడు:

- పక్కకు ఒరిగి, కాళ్లు చాపి గాఢంగా నిద్రపోతోందా? ముడుచుకుని ఒక కన్ను తెరిచి పడుకుంటే ఇంకా కుదురుకోలేదు
- పిల్లలు స్కూలు నుంచి రాగానే ఎదురెళ్తుందా, లేక లేచి పక్క గదిలోకి పోతుందా? వెళ్లిపోవడం తప్పు కాదు, రోజూ అదే చేస్తుంటే పిల్లల సందడి తగ్గించాలి
- బయటికి వెళ్లేటప్పుడు పాత ఫోన్‌లో వీడియో పెట్టి వెళ్లండి. మొదటి అరగంట చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కాసేపు తిరిగి పడుకుంటే టెన్షన్ అక్కర్లేదు. ఆగకుండా తిరగడం, చొంగ కార్చడం, తలుపు కొరకడం ఉంటే డాక్టర్‌తో మాట్లాడండి

మూడు నెలలప్పుడు మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీసి, గత 14 రోజుల వాకింగ్‌లకు మళ్లీ టిక్కులు పెట్టండి. సున్నాలు పెరిగి ఉంటే కుక్కలో వచ్చిన అల్లరికి కారణం అక్కడే వెతకండి.

పిల్లల్ని చూసి బిగుసుకోవడం, గుర్రుమనడం రెండుమూడుసార్లు జరిగితే "సర్దుకుంటుందిలే" అని ఆగొద్దు. గేట్ వేసి ఇద్దరినీ వేరుగా ఉంచి, డాక్టర్‌నీ, కొట్టకుండా నేర్పే ట్రైనర్‌నీ పిలవండి. వాళ్లు కూడా ఈ ఇంటికి కుదరదంటే తెచ్చిన చోటికే మాట్లాడి తిరిగి ఇవ్వాలి. అలా తీసుకుంటారా లేదా అన్నది కుక్కను తెచ్చే రోజే అడిగి, కాగితం మీద రాయించుకుని రండి.